‘సలూబ్రియస్’లో ఉప్పు లేదు

సంపాదకులకు,

మీ పత్రిక చదువుల పేజీలో గతవారం ‘సలూబ్రియస్’ అనే ఇంగ్లిష్ మాటకు ఇచ్చిన వివరణలో రెండు పొరపాట్లు దొర్లాయి. ఒకటి, దాని అర్థం ‘ఆరోగ్యవంతమైన’ అని వేశారు. రెండు, లాటిన్‌లో ఉప్పుకు పేరైన ‘సాల్’ నుంచి అది పుట్టిందనీ, ఉప్పు పదార్థాలను చెడకుండా కాపాడుతుంది కాబట్టి ఆరోగ్యానికి గుర్తయిందనీ రాశారు. మొదటిది సగం తప్పు, రెండోది పూర్తిగా తప్పు. బ్యాంకు, ఎస్సెస్సీ పరీక్షలకు తయారయ్యే పిల్లలు ఈ పేజీని కత్తిరించి దాచుకుంటారు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా పూర్తిగా రాయవలసి వస్తోంది.

ముందు పుట్టుక సంగతి. సలూబ్రియస్ ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చింది. చివర ఉన్న ‘-అస్’ ఇంగ్లిష్ వాళ్లు తగిలించుకున్న తోక. దాన్ని తీసేస్తే మిగిలేది ‘సలూబ్రిస్’ అనే లాటిన్ విశేషణం. దానికి మూలం ‘సలూస్’ అనే నామవాచకం. లాటిన్ మాట కుటుంబం తేల్చాలంటే ప్రథమా విభక్తి రూపం ఒక్కటే చూస్తే చాలదు. మన తెలుగులో ‘ఇల్లు’ అన్నప్పుడు కనిపించని ‘ఇంటి’ అనే రూపం ‘ఇంటికి, ఇంట్లో’ అన్నప్పుడు బయటపడుతుంది కదా, అలాగే లాటిన్‌లో షష్ఠీ రూపం అసలు ప్రాతిపదికను చూపిస్తుంది. ఉప్పుకు ప్రథమ ‘సాల్’, షష్ఠి ‘సలిస్’. సలూస్‌కు షష్ఠి ‘సలూతిస్’. ఒకదాంట్లో ‘ల’ తర్వాత ఇకారం, రెండోదాంట్లో దీర్ఘమైన ఊకారం, దాని వెనక తకారం. ఇవి రెండు వేర్వేరు ఇళ్లు.

విద్యార్థులకు దీని నుంచి ఒక పనికొచ్చే గుర్తు దొరుకుతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఎస్, ఏ, ఎల్ అనే మూడక్షరాల తర్వాత ఏముందో చూడండి. ఏ గానీ ఐ గానీ ఉంటే చాలావరకు ఉప్పు కుటుంబం: సెలైన్, శాలరీ, సలాడ్, సలామీ. యు గానీ వి గానీ ఉంటే చాలావరకు క్షేమం కుటుంబం: సెల్యూట్, సల్యుటరీ, సలూబ్రియస్, శాల్వేషన్, శాల్వేజ్. రాజుగారికి భోజనం తెచ్చే పళ్లేన్ని ‘శాల్వర్’ అనడం కూడా ఈ రెండో ఇంటిదే. విషం కలిసిందేమోనని ముందు మరొకరు రుచి చూసి రాజును కాపాడే ఆచారానికి స్పానిష్‌లో ఉన్న పేరు పళ్లేనికి అంటుకుంది. ‘సేవ్’, ‘సేఫ్’ అనేవీ ఇక్కడివే. పాత ఫ్రెంచి మీదుగా వస్తూ దారిలో లకారాన్ని పోగొట్టుకున్నాయి.

‘చాలావరకు’ అన్నది ఊరికే కాదు. నోట్లో ఊరే ‘సలైవా’కు ఉప్పుతో చుట్టరికం లేదు. పుండు మీద రాసే లేపనం ‘సాల్వ్’ స్పెల్లింగ్‌లో వి ఉంది, అర్థం కూడా ఆరోగ్యానికి దగ్గరగానే ఉంది, అయినా అది లాటిన్ మాటే కాదు. పాత ఇంగ్లిష్ నుంచి నేరుగా వచ్చింది. దాని చుట్టం సంస్కృతంలో నెయ్యికి పేరైన ‘సర్పిస్’. అమరకోశంలో ‘ఘృతమాజ్యం హవిః సర్పిః’ అని వల్లె వేసినవాళ్లకు అది తెలిసిన మాటే. ఇక మనవాళ్లు అతి తరచుగా కలిపేసే జంట సెల్యూట్, సలాం. ధ్వని దగ్గరగా ఉంది, చేసే పనీ ఒకటే, చెయ్యి నుదుటికి పోవడమూ ఒకటే. అయినా సలాం అరబ్బీ మాట, సెల్యూట్ లాటిన్ మాట. రెండింటికీ మధ్య రక్తసంబంధం లేదు. పోలికను బట్టి చుట్టరికం కట్టేవాళ్లు ముందుగా పడే గుంట ఇదే.

అసలు చుట్టం మన దగ్గరే ఉంది. సలూస్‌కు తోబుట్టువు ‘సల్వుస్’, అంటే చెక్కుచెదరకుండా మొత్తంగా ఉన్నది. గ్రీకులో దానికి సరిజోడు ‘హోలోస్’. సంస్కృతంలో ‘సర్వ’. లాటిన్ సకారం గ్రీకులో హకారమవుతుందనీ, సంస్కృతంలో సకారంగానే నిలుస్తుందనీ చెప్పడానికి ఏడు అంకె చాలు: లాటిన్‌లో సెప్టెమ్, గ్రీకులో హెప్టా, సంస్కృతంలో సప్త. లకారం చోట సంస్కృతంలో రేఫ, అంటే రకారం, రావడం కూడా ఈ భాషల మధ్య మామూలే. కాబట్టి మనం రోజూ వాడే ‘సర్వం’, ఇంగ్లిష్ వాడి ‘సేఫ్’ ఒక్క వేరు నుంచి చీలిన కొమ్మలు. ఏదీ పోకుండా అంతా ఉండటమే క్షేమం అన్న భావన ఆ వేరులో ఉంది.

ఇక్కడే మీ మొదటి పొరపాటు దగ్గరికి రావాలి. సలూస్ అంటే మొదట ఆరోగ్యం కాదు, క్షేమం. ప్రాణాపాయం లేకపోవడం, ఊరు దక్కడం, సైన్యం బతికి బయటపడటం, ఇవన్నీ సలూసే. రోమ్ నగరంలో క్విరినాల్ గుట్ట మీద సలూస్ అనే దేవతకు గుడి ఉండేది. గాయుస్ యూనియుస్ బుబుల్కుస్ అనే నాయకుడు ఇటలీలోనే ఉండే సామ్నైట్లు అనే జాతి మీద యుద్ధం చేస్తూ మొక్కుకుని, క్రీ.పూ. 302లో ఆ గుడిని ప్రతిష్ఠించాడు. మొక్కు రోగం కోసం కాదు, రాజ్యం నిలవడం కోసం. క్రీ.పూ. 180లో మహమ్మారి వచ్చినప్పుడు అపోలో, వైద్యదేవుడు ఈస్కులాపియుస్‌లతో పాటు సలూస్‌కు కూడా బంగారు పూత విగ్రహాలు మొక్కుకున్నారు. అంటే అప్పటికే ఆమెకు ఆరోగ్యం శాఖ కూడా అప్పగించారన్నమాట. తర్వాతి నాణేల మీద ఆమె పాముకు పాత్రలో ఆహారం పెడుతూ కనిపిస్తుంది. అది గ్రీకుల ఆరోగ్యదేవత హైజియా నుంచి అరువు తెచ్చుకున్న రూపం.

మన కోర్టు తీర్పుల్లో ‘సలూస్ పోపులీ సుప్రేమా లెక్స్’ అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. రోమన్ వక్త సిసెరో తన ‘చట్టాల గురించి’ అనే గ్రంథంలో రాసిన మాట అది. దాన్ని ‘ప్రజారోగ్యమే పరమ చట్టం’ అని తెలుగు చేయడం పరిపాటి అయింది. సిసెరో అక్కడ మాట్లాడుతున్నది దండయాత్రలో సర్వాధికారం చేతిలో ఉన్న కాన్సుల్‌లు అనే రోమ్ ప్రధాన పాలకుల గురించి. ప్రజల క్షేమమే వాళ్లకు అన్నిటికన్నా పెద్ద చట్టం కావాలన్నాడు. కలరా, దోమల మందు ఆయన మనసులో లేవు. ‘ప్రజాక్షేమమే పరమ శాసనం’ అంటే సరిపోతుంది.

రోమన్లు ఉత్తరం మొదలుపెడితే ఫలానావాడు ఫలానావాడికి ‘సలూతెమ్’, అంటే క్షేమం, చెబుతున్నాడు అని రాసేవాళ్లు. వెనువెంటనే ‘సీ వాలేస్, బెనే ఎస్ట్, ఎగో వాలేఓ’, అంటే ‘నువ్వు బాగుంటే మంచిది, నేను బాగున్నాను’. ఇది ఎంత అరిగిపోయిన మర్యాద అంటే, మాటలన్నీ రాసే ఓపిక లేక మొదటి అక్షరాలు మాత్రమే గీసి వదిలేసేవాళ్లు. ‘ఉభయకుశలోపరి’ అని ఒక్క ముక్కతో కానిచ్చేసి అసలు విషయంలోకి దిగిన మన పాత ఉత్తరాలు చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

లాటిన్‌లో ఆరోగ్యం చుట్టూ మూడు మాటలున్నాయి. ఇంగ్లిష్ మూడింటినీ తెచ్చుకుంది, అందుకే గందరగోళం. ‘సానుస్’ అంటే ఒంట్లోనూ బుద్ధిలోనూ రోగం లేనివాడు. దాని సంతానం సేన్, ఇన్‌సేన్, శానిటరీ, శానిటైజర్. ‘వలేరే’ అంటే బలంగా ఉండటం. దాని నుంచి వచ్చినవి వ్యాలిడ్, వాల్యూ, ఇన్‌వ్యాలిడ్, కాన్వలెసెంట్. విచిత్రం ఏమిటంటే ‘వలేతూదో’ అంటే మంచి ఆరోగ్యమో చెడ్డ ఆరోగ్యమో చెప్పని తటస్థమైన మాట. మనం ‘ఒంట్లో ఎలా ఉంది’ అన్నప్పటి ‘ఒంట్లో’ లాంటిది. అందుకే రోమన్ సైనికుల ఆసుపత్రికి ‘వలేతూదినారియుమ్’ అని పేరు పెట్టగలిగారు. మూడోది సలూస్. ఈ మూడింట్లో మొదటి రెండూ ప్రధానంగా మనిషి స్థితిని చెబుతాయి. సలూస్ నుంచి పుట్టిన సలూబ్రిస్ మాత్రం ఎక్కువగా ఆ స్థితిని కలిగించే దాన్ని చెబుతుంది. అంటే ఊరు, గాలి, నీరు, నేల, రుతువు. ‘ఆరోగ్యవంతమైన’ అని మీరు రాసినది మనిషికి సరిపోయే మాట. ఇక్కడ కావలసింది ‘ఆరోగ్యాన్నిచ్చే’.

పొలం కొనబోయేవాడికి రోమన్ రచయిత కేటో ఇచ్చిన సలహాలో ఈ మాట కనిపిస్తుంది. వాతావరణం మంచిదై ఉండాలి, పొలం కొండ అడుగున ఉండాలి, దక్షిణానికి తిరిగి ఉండాలి, చోటు ‘సలూబ్రిస్’ అయి ఉండాలి అని వరుసగా చెప్పాడు. మట్టి ఎంత మంచిదైనా పనివాళ్లు జ్వరంతో పడుకుంటే పంట రాదు. క్రీ.పూ. 37లో, ఎనభై ఏళ్ల వయసులో సేద్యం మీద పుస్తకం రాసిన ‘వారో’ అనే రోమన్ పండితుడు ఇంకో అడుగు వేశాడు. చిత్తడి నేలల దగ్గర ఇల్లు కట్టొద్దు, అక్కడ కంటికి ఆనని సూక్ష్మజీవులు పుడతాయి, అవి గాలితో పాటు నోట్లోంచి ముక్కులోంచి లోపలికి పోయి మొండి రోగాలు తెస్తాయి అన్నాడు. సంభాషణలో ఒకరు, ‘మరి అలాంటి పొలం నాకు వారసత్వంగా వస్తే ఏం చేయను?’ అని అడుగుతారు. ‘వచ్చినకాడికి అమ్మేసుకో, కొనేవాడు లేకపోతే వదిలేసిపో’ అని జవాబు. పల్లపు భూమి బేరం చేసేవాళ్లకు నేటికీ అంతకన్నా సూటైన సలహా దొరకదు.

ఈ విశేషణానికి కొలతలు కట్టింది మాత్రం రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్. అగస్టస్ చక్రవర్తికి అంకితమిచ్చిన తన వాస్తు గ్రంథం మొదటి సంపుటం నాలుగో అధ్యాయం మొత్తం నగరానికి ఆరోగ్యకరమైన చోటు ఎంచుకోవడం గురించే. చోటు ఎత్తుగా ఉండాలి. పొగమంచు, గడ్డమంచు పట్టకూడదు. మరీ వేడివైపో మరీ చలివైపో తిరిగి ఉండకూడదు. చిత్తడి దగ్గరలో ఉండకూడదు, ఎందుకంటే తెల్లవారుజామున వీచే గాలి చిత్తడిలోని ప్రాణుల విషపు ఊపిరిని మంచుతో కలిపి జనం మీదికి తెస్తుంది. సముద్రపు ఒడ్డున దక్షిణానికో పడమరకో తిరిగిన ఊరు కూడా మంచిది కాదు. పడమటి ముఖం ఊరు సూర్యోదయానికి గోరువెచ్చగా, మధ్యాహ్నానికి వేడిగా, సాయంత్రానికి మండిపోతూ ఉంటుంది. ఆ వేడి చల్లదనాల మార్పే ఒళ్లు పాడుచేస్తుందని ఆయన వాదం. ధాన్యపు కొట్లకూ ద్రాక్షసారాయి నేలమాళిగలకూ వెలుతురు ఉత్తరం నుంచే తీసుకోవడాన్ని ఉదాహరణగా చూపాడు.

పరీక్ష విధానం కూడా చెప్పాడు. పాతకాలం వాళ్లు ఊరు కట్టబోయే చోట మేసిన పశువులను బలిచ్చి కాలేయం చూసేవాళ్లు. మొదటి పశువు కాలేయం నీలంగా కమిలి కనిపిస్తే ఆ ఒక్క పశువుదే రోగమా, లేక మేతదా అని తేల్చడానికి మరికొన్నిటిని కోసేవాళ్లు. వరుసగా అన్నీ చెడితే ఆ చోటు వదిలేసేవాళ్లు. ఒక్క నమూనా మీద తీర్పు చెప్పకపోవడం గమనించదగ్గది. క్రీట్ దీవిలో ఒక నదికి అటూ ఇటూ మేసే పశువుల గురించి ఆయన చెప్పిన సంగతి ఇంకా ఆసక్తికరం. నోసస్ పట్టణం వైపు మేసేవాటికి ప్లీహం (స్ప్లీన్) మామూలుగా ఉంటుంది, గోర్టిన్ పట్టణం వైపు మేసేవాటికి కనిపించదు. అక్కడి ఒక మొక్క తినడమే కారణమని వైద్యులు భావించి, దాన్ని ప్లీహం వాచిన మనుషులకు మందుగా ఇచ్చారట. ఆ మందు సంగతి ఎలా ఉన్నా, ప్లీహం వాపు మలేరియా గుర్తుల్లో ముఖ్యమైనది. బ్రిటిష్ హయాంలో ఒక ఊళ్లో మలేరియా ఎంత ఉందో తేల్చడానికి పిల్లల డొక్కలు నొక్కి ప్లీహం వాచిందా అని లెక్కపెట్టేవాళ్లు.

చిత్తడి అంతా ఒకటి కాదన్నది విట్రూవియస్ చెప్పిన వాటిలో పసగలది. రావెన్నా, అక్విలేయా, ఆల్టినుమ్ పట్టణాలు చిత్తడిలోనే ఉన్నాయి, అయినా నమ్మలేనంత ఆరోగ్యంగా ఉన్నాయి. కారణం, అక్కడి చిత్తడి సముద్రపు ఒడ్డు కన్నా ఎత్తు. కాలవ తవ్వితే నీరు ఒడ్డుకు దిగిపోతుంది, తుపాను వస్తే సముద్రపు ఉప్పునీరు ఎదురు తన్ని లోపలికొచ్చి చిత్తడి ప్రాణులను పుట్టనివ్వదు. రోమ్‌కు దక్షిణాన ఉన్న పోంటీన్ చిత్తడికి పారుదల లేదు, కాబట్టి కుళ్లుతుంది. (సలూబ్రిస్ కథలో ఉప్పుకు చోటు ఇక్కడొక్కటే ఉంది, అది కూడా కాలవ గట్టు మీద.) పోంటీన్‌ను ఎండగట్టడానికి ఎన్నో ప్రయత్నాలు జరిగినా, పని పూర్తయింది 1930ల్లోనే.

పారుదల లేని ఊరికి ఏం చేశారో కూడా ఆయనే చెప్పాడు. ఇటలీలోని అపూలియా ప్రాంతంలో పాత సలాపియా పట్టణం వాళ్లు ఏటేటా జబ్బు పడి పడి, చివరకు మార్కుస్ హోస్టీలియుస్ అనే ఆయన దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నారు. ఆయన సముద్రానికి దగ్గరగా మంచి చోటు చూసి కొన్నాడు. ఊరు తరలించడానికి రోమ్ సెనేట్ అనుమతి తెచ్చాడు. గోడలు కట్టించి, స్థలాలు విభజించి, ఒక్కో పౌరుడికి నామమాత్రంగా ఒక సెస్టెర్స్ నాణేనికి రిజిస్టరు చేసిచ్చాడు. తర్వాత దగ్గరి సరస్సుకు సముద్రంలోకి గండి కొట్టి దాన్నే రేవు చేశాడు. కొత్త సలాపియా పాతదానికి నాలుగు మైళ్ల దూరం. పట్టా ఇచ్చిన తర్వాత కూడా సౌకర్యాలు లేక ఖాళీగా పడి ఉండే పునరావాస కాలనీలు ఎరిగిన మనకు, గోడలు, స్థలాలు, రేవు అన్న ఈ వరుస ఆలోచించదగ్గది.

ఇదే గ్రంథం ఎనిమిదో సంపుటంలో మంచినీటి గొట్టాల దగ్గర మళ్లీ ఈ విశేషణం వస్తుంది. సీసపు గొట్టం నీటి కన్నా కాల్చిన మట్టి గొట్టం నీరు చాలా ఎక్కువ ‘సలూబ్రిస్’ అంటాడు. సాక్ష్యం, సీసం పనివాళ్ల పాలిపోయిన ముఖాలు. అలా ఈ మాట ఊళ్లకే కాకుండా నీటికి కూడా వాడతారనడానికి ఇది మంచి ఉదాహరణ.

వాళ్ల కారణాలు తప్పు, జాగ్రత్తలు చాలావరకు ఒప్పు. ‘మలేరియా’ అన్నది కూడా ‘చెడుగాలి’ అనే ఇటాలియన్ మాటే. తప్పు గాలిది కాదు, దోమది అని దారి చూపిన పరిశోధనలో ముఖ్యమైన ఘట్టం మన సికింద్రాబాద్‌లో జరిగింది. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ముందే కాదు, ఆ తర్వాత కూడా మన్యానికి బదిలీ అయిన ఉద్యోగులు చలిజ్వరం పట్టుకుంటే ‘అక్కడి నీళ్లు పడలేదు’ అనే అన్నారు. రోమన్లు గాలిని తిట్టారు, మనం నీటిని తిట్టాం.

ఆ మాట దగ్గరే మీ శీర్షికకు కావలసిన తెలుగు కూడా ఉంది. ‘ఆ ఊరి గాలీ నీరూ ఒంటికి పడ్డాయి’ అని మనవాళ్లు అనేది అచ్చంగా సలూబ్రియస్ అర్థమే. ‘పడలేదు’ అంటే ఇన్‌సలూబ్రియస్. ఆయుర్వేదంలో ఇంకా కచ్చితమైన పరిభాష ఉంది. నేలను జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడుగా విభజించారు. జాంగలం నీరు తక్కువైన పొడినేల, ఆనూపం నీరు నిలిచే పల్లం, రెండింటి నడుమది సాధారణం. చరకుడు ఆరోగ్య దేశాల్లో పొడినేలకు అగ్రస్థానమిచ్చి, ఆనూపాన్ని హానిచేసే దేశాల్లో మొదట పెట్టాడు. విట్రూవియస్‌కూ ఆయనకూ పరిచయం ఉండే అవకాశం లేదు. ఇద్దరూ చిత్తడినే వేలెత్తి చూపారు. వ్యాస రచనలో ‘ఆరోగ్యప్రదమైన’, ‘హితకరమైన’ అని రాయండి. మాట్లాడేటప్పుడు ‘గాలీ నీరూ మంచివి’ చాలు.

ఇక వాడుకలో పిల్లలు ఎక్కడ జారిపడతారో చెప్పాలి. ‘ఐ యామ్ సలూబ్రియస్’ అని రాస్తే తప్పు. మనిషికి హెల్దీ అనాలి. భోజనానికి పాత పుస్తకాల్లో ఈ మాట కనిపించినా ఇప్పుడు హోల్‌సమ్ అనో న్యూట్రిషస్ అనో రాస్తారు. సలూబ్రియస్‌కు జోడీగా నేడు కుదిరేవి క్లైమేట్, ఎయిర్, సరౌండింగ్స్, లొకాలిటీ. ‘సల్యుటరీ’ తోబుట్టువే అయినా దారి వేరు. వినడానికి చేదుగా ఉన్నా మేలు చేసే పాఠం, హెచ్చరిక అయితేనే ఆ మాట. మలేరియా వచ్చాక దోమతెర కట్టుకోవడం నేర్చుకుంటే అది సల్యుటరీ లెసన్.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు వెటకారం. ఇంగ్లిష్ వార్తల్లో ‘నాట్ ద మోస్ట్ సలూబ్రియస్ పార్ట్ ఆఫ్ టౌన్’ అని కనిపిస్తే అక్కడ మురుగు గురించి కాదు, దొంగతనాలు, తాగుబోతుల గురించి మాట్లాడుతున్నారని అర్థం. దాన్ని ‘అనారోగ్యకర ప్రాంతం’ అని తర్జుమా చేస్తే డెంగీ వార్తలా చదువుతారు. ‘ఆ పేట అంత మంచిది కాదు’ అనాలి. ఇళ్ల స్థలాల బ్రోచర్లలో మాత్రం దీని ఉద్యోగం వేరు. అక్కడ సలూబ్రియస్ అంటే ఊరికి దూరమనీ, ఇంకా బస్సు లేదనీ తీసుకోవడం క్షేమం.

ఉచ్చారణ: సె-లూ-బ్రి-యస్. ఊనిక ‘లూ’ మీద. మొదటి అక్షరాన్ని ‘సా’ అని సాగదీయకూడదు. లాటిన్‌లో దీర్ఘం ఉన్నది రెండో అక్షరం మీదే కాబట్టి ఇంగ్లిష్‌లోనూ బరువు అక్కడే పడింది. ఇదే తోకతో వచ్చిన ‘లుగూబ్రియస్’కు కూడా అదే లెక్క, ఊనిక ‘గూ’ మీద. అది ఏడవడం అనే అర్థమున్న ‘లూగేరే’ నుంచి వచ్చి, ఏడుపుగొట్టు అనే అర్థమిస్తుంది. ధ్వని ఒకేలా ఉందని పరీక్ష హాల్లో ఈ రెండింటినీ తారుమారు చేసేవాళ్లు తక్కువమందేమీ కాదు.

మదనపల్లె పేరు ఎత్తినప్పుడల్లా మీ పత్రికతో సహా అందరూ రాసే ‘శానిటోరియం’ గురించి కూడా ఒక మాట. ఇంగ్లిష్‌లో శానటోరియం, శానిటేరియం అని రెండున్నాయి. మొదటిది ‘సానారే’ అనే క్రియ నుంచి వచ్చింది, నయం చేసే చోటు. రెండోది ‘సానితాస్’ అనే నామవాచకం నుంచి వచ్చింది, ఆరోగ్యంగా ఉంచే చోటు. అమెరికాలో బ్యాటిల్ క్రీక్ అనే ఆరోగ్య సంస్థను నడిపిన డాక్టర్ కెలాగ్ కావాలనే రెండో స్పెల్లింగ్ పట్టుకున్నాడు. మదనపల్లె దగ్గర 1915 నుంచి నడిచిన క్షయ ఆసుపత్రి మొదటి కోవది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి సారథి. స్ట్రెప్టోమైసిన్ అనే మందు రాకముందు క్షయకు ఉన్న వైద్యమల్లా విశ్రాంతి, బలమైన తిండి, ఆరుబయటి పొడిగాలి. అందుకే సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, వానలు తక్కువైన చోటు ఎంచుకున్నారు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో క్షయ ఆసుపత్రి వెలసింది కూడా గాలి కోసమే. చోటు సలూబ్రియస్, అక్కడ కట్టిన ఆసుపత్రి శానటోరియం. మదనపల్లెది కట్టినవాళ్లు ఊరికి పెట్టుకున్న పేరు ఆరోగ్యవరం. తెలుగులో ‘శానిటోరియం’ స్థిరపడిపోయింది, దాన్ని మార్చమని అడగడం లేదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ వేసేటప్పుడు మాత్రం రెండింటినీ కలిపి మూడోదాన్ని పుట్టించవద్దు.

సవరణ వేసేటప్పుడు సలూబ్రియస్‌కు సమానార్థకం అడిగిన మీ నమూనా ప్రశ్నను కూడా సరిచేయండి. మీరిచ్చిన నాలుగు జవాబుల్లో సెలైన్, గ్లూమీ, లగ్జూరియస్, హోల్‌సమ్ ఉన్నాయి, సెలైన్‌కు టిక్కు పెట్టారు. సరైనది హోల్‌సమ్. గ్లూమీ లుగూబ్రియస్‌కు సరిపోతుంది, లగ్జూరియస్ బ్రోచర్ల చలవ. వ్యతిరేకపదం అడిగితే ఇన్‌సలూబ్రియస్ ఉంటే అది, లేకపోతే నాక్షస్ గానీ అన్‌హెల్దీ గానీ పెట్టాలి.

ఇట్లు,
పదాల పుట్టుక పాఠాలు చెప్పే ఒక అధ్యాపకుడు,
మదనపల్లె